వద్దు అనడం కూడా మర్యాదే

మా బడిలో తెలుగు పాఠం ఉండదు. జగదల్‌పూర్‌లో మా తరగతి మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం నలుగురమే. నాకు అక్షరాలు నేర్పింది మా తాతయ్య, వేసవి సెలవుల్లో, పాత క్యాలెండరు కాగితాల వెనక. ప్రాంతీయ భాషల పేజీలకు ఏదైనా రాయమని టీచరుగారు అన్నప్పుడు మొదట దసరా గురించి రాద్దామనుకున్నాను. బస్తర్ దసరా 75 రోజుల పండగ కాబట్టి రాయడానికి చాలా ఉంది. కానీ పోయిన వేసవిలో మా ఇంటి గుమ్మంలో జరిగిన చిన్న సంగతి ఒకటి అప్పటినుంచీ నన్ను వదలడం లేదు. పండగ గురించి ఎవరైనా రాయగలరు, ఇది మాత్రం నేనే రాయాలి అనిపించింది.

అమ్మమ్మా తాతయ్యా ప్రతి వేసవికీ కొత్తవలసలో కిరండూల్ రైలెక్కి, అరకు కొండల మీదుగా మా ఇంటికి వస్తారు. ఆ రోజు మే నెల మధ్యాహ్నం. నాన్న డ్యూటీలో ఉన్నారు, అమ్మ ఆఫీసుకు వెళ్ళింది, నేనూ తాతయ్యా బజారుకు వెళ్ళాం. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంది. కొరియర్ అబ్బాయి వచ్చి బెల్లు కొట్టాడు. పెట్టె మీద నాన్న పేరు సరిగ్గానే ఉంది, ఫోన్ నెంబరూ నాన్నదే. క్యాష్ ఆన్ డెలివరీ, 799 రూపాయలు. అమ్మమ్మకు హిందీ అంతంత మాత్రం. నాన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ అబ్బాయి చెమటలు తుడుచుకుంటూ ఎండలో నిలబడి ఉన్నాడు. అల్లుడుగారు తెప్పించుకున్న వస్తువేమో, వెనక్కి పంపితే ఏమనుకుంటారో అని అమ్మమ్మ తిరుగు ప్రయాణానికి దాచుకున్న డబ్బులోంచి తీసి ఇచ్చేసింది.

సాయంత్రం నాన్న విప్పితే లోపల ఒక ప్లాస్టిక్ వాచీ ఉంది. ముళ్ళు కదలవు. నాన్న ఏమీ ఆర్డర్ చెయ్యలేదు. మేమెవరమూ చెయ్యలేదు. పంపినవారి చిరునామాలో ఊరి పేరు తప్ప ఏమీ లేదు. కింద ఉన్న నెంబరు మోగదు.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆ రాత్రి అమ్మమ్మ సరిగ్గా అన్నం తినలేదు. "వద్దని చెప్పి పంపెయ్యాల్సింది కదా అమ్మమ్మా" అన్నాను పక్కన కూర్చుని. "గుమ్మం దాకా వచ్చినవాణ్ణి, అంత ఎండలో ఉత్త చేతులతో ఎలా పంపను తల్లీ? వద్దంటే బాగుంటుందా?" అంది.

ఆ మాట దగ్గరే నా ఆలోచన మొదలైంది. మోసాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ "అత్యాశకు పోకండి" అంటారు. మా అమ్మమ్మకు ఏ ఆశా లేదు. ఆమెను దెబ్బ తీసింది మొహమాటం. మనిషికి ఇవ్వాల్సిన మర్యాదను ఆమె పెట్టెకు కూడా ఇచ్చింది. ఈ రెంటినీ వేరు చేసుకోవడం మన ఇళ్ళలో అందరూ నేర్చుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

ఇది కొత్త జబ్బేమీ కాదని తాతయ్య చెప్పారు. సరుకు అందినప్పుడు డబ్బు కట్టే పద్ధతి ఫోన్లతో పుట్టలేదు. మన తపాలా శాఖ 1877లోనే వి.పి.పి. మొదలుపెట్టింది. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ తెచ్చి, దాని ధర వసూలు చేసుకుని, సరుకు ఇచ్చేవాడు. ఆ డబ్బు మనియార్డరుగా పంపినవాడికి చేరేది. తెలుగు పుస్తకాలు పల్లెటూళ్ళకు ఈ దారిలో కూడా చేరాయి. అదే దారిలో మోసాలు కూడా వచ్చాయి. తాతయ్య కుర్రతనంలో ఒక వారపత్రికలో అంకెల పజిల్ చూసి, పూర్తి చేసి పంపారట. బహుమతి వచ్చిందనీ, ట్రాన్సిస్టర్ రేడియో సగం ధరకే వి.పి.పి.లో పంపుతున్నామనీ ఉత్తరం వచ్చింది. డబ్బు కట్టి విప్పితే పాత గుడ్డల్లో చుట్టిన ఇటుక ముక్క! అదే ఊళ్ళో ఇంకొకాయనకు కూడా అలాంటి పార్సిలే వస్తే ఆయన పుచ్చుకోనన్నాడు. పోస్ట్‌మ్యాన్ దాని మీద ఆ మాటే రాసి తిప్పి పంపేశాడు. తర్వాత తాతయ్యతో ఆ పోస్ట్‌మ్యాన్ అన్నాడట: "డబ్బు కట్టకముందు నువ్వు రాజువి. కట్టాక అర్జీదారువి."

ఎన్ని చట్టాలు వచ్చినా ఆ మాట ఇప్పటికీ నిజమే. క్యాష్ ఆన్ డెలివరీలో మామూలుగా డబ్బు కట్టాకే పెట్టె మన చేతికి వస్తుంది. కొన్ని కంపెనీలు ఫోన్లు, టీవీల లాంటివాటిని మన ఎదురుగా విప్పి చూపిస్తాయి గానీ చిన్న పార్సిళ్ళకు ఆ వీలు ఉండదు. మోసగాడు పెట్టుకున్న ఆశ ఈ ఒక్క నిమిషం మీదే. ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండాలి, పేరు సరిగ్గా ఉండాలి, ధర మరీ పెద్దది కాకూడదు, గుమ్మంలో మనిషి ఎదురుచూస్తూ నిలబడాలి. ఇవి కుదిరితే చాలు.

చట్టం మన పక్షానే ఉంది. విశాఖపట్నంలో లా చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు నాకు 1872 నాటి భారత ఒప్పందాల చట్టం చూపించాడు. దాని 70వ సెక్షన్‌కు ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా మా కథలాగే ఉంది. ఒక వర్తకుడు పొరపాటున తన సరుకు వేరొకరి ఇంట్లో వదిలి వెళ్తాడు. ఆ ఇంటాయన దాన్ని తన సొంతంలా వాడుకుంటే వర్తకుడికి డబ్బు ఇవ్వాల్సిందే. అంటే వాడుకుంటే బాకీ పడతాం, ముట్టకుండా తిరిగి ఇచ్చేస్తే బాకీ లేదు. మనం అడగనిదాన్ని కొనితీరాలని ఎవరూ మనల్ని బలవంతం చెయ్యలేరు. కొన్ని దేశాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. అడగకుండా సరుకు పంపి డబ్బు వసూలు చేసే వ్యాపారులను అదుపు చెయ్యడానికి బ్రిటన్ 1971లోనే ఒక చట్టం తెచ్చింది. అమెరికాలో అయితే కోరకుండా పంపిన సరుకును కానుకగా ఉంచేసుకోవచ్చు.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. అదే నెలలో ఈ-కామర్స్ నిబంధనలూ వచ్చాయి. లోపం ఉన్న వస్తువునూ, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునూ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని చూపించి మనం ఒప్పుకున్నామని చెప్పకూడదు. 2023 నవంబరులో కేంద్రం "డార్క్ ప్యాటర్న్స్" అనే 13 రకాల మాయలను గుర్తించి నిషేధించింది. మనకు తెలియకుండా బుట్టలో ఇంకో వస్తువు వేసెయ్యడం, "ఇంకా రెండే ఉన్నాయి, త్వరపడండి" అని అబద్ధపు తొందర పెట్టడం వాటిలో ఉన్నాయి.

ఇవన్నీ చదివి నాన్న 1915కు ఫోన్ చేశారు. అది జాతీయ వినియోగదారుల సహాయవాణి. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఫిర్యాదు నెంబరు వచ్చింది. డబ్బు మాత్రం ఇది రాసే రోజు వరకూ రాలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. మనం ఉండే జిల్లాలోనే కేసు వెయ్యవచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు రుసుము కూడా లేదు. కానీ చిరునామా లేని మనిషి మీద 799 రూపాయల కోసం ఎన్నిసార్లు తిరుగుతాం? మోసగాడికి ఆ లెక్క కూడా తెలుసు. అందుకే కట్టాక పోరాడడం కన్నా కట్టకముందు గుమ్మంలో చెప్పే ఒక్క "వద్దు" విలువైనదని నేను నమ్ముతున్నాను.

తొమ్మిదో తరగతి చరిత్రలో మేమంతా బస్తర్ గురించి చదువుకున్నాం. 1910లో మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఒక ఊరినుంచి ఇంకో ఊరికి వెళ్ళాయి. బ్రిటిషువాళ్ళ మీద తిరగబడదాం రమ్మని ఆ పంపకానికి అర్థం. వాటిని కూడా ఎవరూ ఆర్డర్ చెయ్యలేదు. కానీ అవి ఎందుకు వచ్చాయో, ఏం చెబుతున్నాయో అందుకున్న ఊరికి తెలుసు. మా ఇంటికి వచ్చిన పెట్టెను ఎవరు పంపారో ఈ రోజుకీ తెలియదు. అందుకున్నవాడికి పంపినవాడెవరో తెలియకపోతే అది చేతిలోకి తీసుకోదగ్గ వస్తువు కాదు.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. లేకపోతే నా వ్యాసం సగం అబద్ధం అవుతుంది.

పోయిన ఏడాది నేను బూట్ల కోసం మూడు జతలు ఆర్డర్ చేశాను. ఒకటి ఉంచుకుని రెండు తిప్పి పంపాలని ముందే అనుకున్నాను. తిప్పి పంపడానికి ఖర్చు లేదు కదా అని నా ధీమా. తీసుకెళ్ళడానికి వచ్చిన భయ్యా బండి మీద అప్పటికే నడుము ఎత్తున పెట్టెలున్నాయి. లోహండిగూడ వైపు వెళ్ళి వస్తున్నానన్నాడు. అక్కడ ముగ్గురు ఆర్డర్ చేసి, తీరా తీసుకెళ్తే వద్దన్నారట. ఒకరు ఊరికే ఫోన్లో నొక్కి చూశామన్నారట. "ఒక్కో పెట్టెకు ఇంత అని నా లెక్క. వాళ్ళు పుచ్చుకోకపోతే ఆ పెట్రోలు నాదే" అన్నాడు. నేను రెండు బూట్ల పెట్టెలూ అతని చేతికి ఇస్తూ తల దించుకున్నాను.

ఆ పెట్టెలు ఎంత దూరం తిరిగాయో తర్వాత లెక్క వేశాను. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్‌కు 30వ నెంబరు జాతీయ రహదారి మీద దాదాపు 300 కిలోమీటర్లు. మధ్యలో కేశ్‌కాల్ ఘాట్ మలుపులు. వర్షాకాలంలో ఆ ఘాట్‌లో లారీలు ఎలా ఇరుక్కుంటాయో మనందరికీ తెలుసు. నా సరదా కోసం రెండు పెట్టెలు ఆ ఘాట్ ఎక్కి, మళ్ళీ దిగాయి. ఉచితం అన్న మాటకు అర్థం ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చు ఇంకెవరో మోస్తున్నారని.

కాబట్టి నేను చెప్పే "వద్దు" రెండు రకాలు. మనం కోరని వస్తువు వస్తే, కోరినది కాకుండా ఇంకొకటి వస్తే, పగిలి వస్తే, వద్దనడం మన హక్కు. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ మనమే కోరి, తీరా మనిషి గుమ్మంలోకి వచ్చాక మనసు మారిందని వద్దనడం హక్కు పేరుతో చేసే బద్ధకం. మనసు మారితే బండి బయలుదేరకముందే ఆర్డర్ రద్దు చెయ్యాలి. అది కూడా ఫోన్లో ఒక్క నొక్కే కదా.

మన వారపు సంతలే దీనికి మంచి బడి. సంతలో చింతపండు బుట్ట ముందు కూర్చున్న అవ్వ దగ్గరకు వెళ్తాం. చేత్తో తీసుకుని చూస్తాం, వాసన చూస్తాం, ధర అడుగుతాం. నచ్చకపోతే పెట్టేసి పక్క బుట్టకు వెళ్తాం. అవ్వ ఏమీ అనుకోదు, మనమూ సిగ్గుపడం. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ముఖాముఖి ఉంది కాబట్టి "వద్దు" అన్న మాటకు అక్కడ బరువు లేదు. ఇదే సంతల్లో ఒకప్పుడు ఇంకో కాలం కూడా నడిచింది. అడవి బిడ్డలు కష్టపడి ఏరుకొచ్చిన సారపప్పు తీసుకుని, వ్యాపారులు బదులుగా ఉప్పు కొలిచి ఇచ్చేవారు. సారపప్పు ధర తెలిసిన వాళ్ళెవరూ ఆ బేరానికి ఒప్పుకోరు. వద్దనే ధైర్యమూ, వద్దనడానికి కావలసిన సమాచారమూ లేనిచోట బేరం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మారింది సరుకు మాత్రమే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. అన్నిటికీ "వద్దు" పనికిరాదు. కోర్టు నుంచో, బ్యాంకు నుంచో తపాలాలో నోటీసు వస్తే పుచ్చుకోనని తిప్పి పంపినంత మాత్రాన అది రానట్టు కాదు. సరైన చిరునామాకు పంపిన నోటీసును కావాలని తిరస్కరిస్తే అందినట్టే లెక్క అని మన కోర్టులు చెబుతున్నాయి. పార్సిల్‌ను తిప్పి పంపితే డబ్బు మిగులుతుంది. నోటీసును తిప్పి పంపితే మన మాట చెప్పుకునే అవకాశం పోతుంది.

అలాగే, "వద్దు" అన్నాక మొదలయ్యే మోసం ఒకటి ఉంది. "సరే, ఆర్డర్ రద్దు చేస్తాను, మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పండి" అంటారు. అలా అడిగారని ఓటీపీ చెప్పెయ్యకూడదు. అది బ్యాంకు ఓటీపీ అయితే మన ఖాతా తాళం వాళ్ళ చేతికి ఇచ్చినట్టే. "మీ పేరు మీద పార్సిల్లో మత్తుమందు దొరికింది, వీడియో కాల్ ఆపకండి" అని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా తన రేడియో ప్రసంగంలో ఈ సంగతి చెప్పారు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కు ఫోన్ చెయ్యాలి. 2020లో చాలా దేశాల్లో ఎవరూ కోరని విత్తనాల పొట్లాలు తపాలాలో వచ్చాయి. మన వ్యవసాయ శాఖ కూడా ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. ఊరికే వచ్చాయి కదా అని పెరట్లో చల్లితే ఏ తెగులు అంటుకుంటుందో ఎవరికి తెలుసు? చుట్టూ ఇంత అడవి ఉన్న మన జిల్లాలో ఆ మాట ఇంకా ముఖ్యం.

మా ఇంట్లో ఇప్పుడు తలుపు వెనక ఒక కాగితం అంటించాం. తెలుగులో నేను రాశాను, హిందీలో నాన్న రాశారు. ఎవరైనా ఏదైనా ఆర్డర్ చేస్తే తేదీ, ధర, ఎవరికోసం అన్నది అందులో రాయాలి. అందులో లేని పార్సిల్‌కు డబ్బు కట్టకూడదు. వచ్చినవారి మీద కోప్పడకూడదు, మోసం చేసింది వాళ్ళు కాదు. డబ్బు ముందే కట్టిన వస్తువైతే విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తియ్యాలి. పక్కింటివాళ్ళ పార్సిల్ పొరపాటున మనకు వస్తే వాళ్ళకు అప్పగించాలి. పెట్టెను పారేసేముందు పేరూ ఫోన్ నెంబరూ ఉన్న చీటీ చింపెయ్యాలి. మోసగాళ్ళకు చిరునామాలు అలా కూడా దొరకవచ్చు. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఒకటి అంటించండి. ముఖ్యంగా పెద్దవాళ్ళు పగలు ఒంటరిగా ఉండే ఇళ్ళలో.

దసరాకు అమ్మమ్మా తాతయ్యా మళ్ళీ వచ్చారు. రథం చూడాలని తాతయ్య ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నారు. ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. నాన్న పేరు మీదే ఇంకో పెట్టె, ఈసారి 649 రూపాయలు. నేను లోపలి గదిలోంచి వింటున్నాను. అమ్మమ్మ తలుపు వెనక కాగితం చూసింది. నాన్నకు ఫోన్ చేసి అడిగింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కుండలో నీళ్ళు చెంబుతో తెచ్చి ఆ అబ్బాయికి ఇచ్చింది. "హమారా నహీ బాబూ, తీసుకెళ్ళిపో" అంది, సగం హిందీలో, సగం తెలుగులో.

అతను నవ్వి, ఫోన్లో ఏదో నొక్కి, నీళ్ళు తాగి వెళ్ళాడు. పెట్టె కూడా అతనితోపాటే వెళ్ళింది. ఆ రోజు అమ్మమ్మ కడుపునిండా అన్నం తింది.

— పదకొండవ తరగతి విద్యార్థిని